నాలుగు సెక్షన్ల చట్టం, రెండు వాకిళ్ళ కోర్టు

అంటువ్యాధి వచ్చినప్పుడు కోర్టులు మూతపడతాయనీ, తగ్గాక మళ్ళీ తెరుచుకుంటాయనీ, ఈలోగా న్యాయం కాస్త ఆలస్యమవుతుందనీ, అంతకుమించి జరిగే నష్టమేమీ లేదనీ చాలామంది అనుకుంటారు. 2020 మార్చి తర్వాత పత్రికల్లో వచ్చిన వ్యాసాలు ఎక్కువగా ఈ ధోరణిలోనే సాగాయి. పెండింగు కేసులు ఎన్ని పెరిగాయి, వీడియో విచారణలు ఎన్ని జరిగాయి, జడ్జీలు కొత్త యంత్రాలకు ఎలా అలవాటు పడ్డారు - ఇవీ చర్చలు. ఈ లెక్కలు అవసరమే. కాని అసలు ప్రశ్న వీటి వెనక దాగిపోతుంది. కోర్టుకు రెండు వాకిళ్ళున్నాయి. ఒకటి, అన్యాయం జరిగిన మనిషి తనంతట తాను నడిచివచ్చే వాకిలి. రెండోది, రాజ్యం మనిషిని పట్టి తెచ్చే వాకిలి. మహమ్మారి కాలంలో ఏ వాకిలి మూతపడింది, ఏది తెరిచే ఉంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడం 2020తో మొదలుపెడితే లాభం లేదు. ఎందుకంటే 2020లో మన మీద ప్రయోగించిన చట్టం 1897 నాటిది.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవు దగ్గర, ధాన్యపు గోదాములున్న మాండ్వీ పేటలో ప్లేగు బయటపడింది. అక్కడ వైద్యం చేస్తున్న అకాసియో వీగాస్ దాన్ని గుర్తించాడు. కొద్ది నెలల్లోనే నగర జనాభాలో దాదాపు సగం మంది ఊరు విడిచి పారిపోయారు. మిల్లు కార్మికులు అక్టోబరులోనే ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడి చేశారు. ఆసుపత్రికి తీసుకుపోయినవాళ్ళు తిరిగి రావడం లేదన్నది వాళ్ళ భయం. ప్రభుత్వ భయం వేరు. బొంబాయి సరుకునూ, బొంబాయి ఓడలనూ ఐరోపా రేవులు రానివ్వకపోతే సామ్రాజ్య వ్యాపారం ఏమవుతుంది? 1897 ఫిబ్రవరిలో వెనిస్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు సమావేశం కానున్నది. ప్లేగును తాము గట్టిగా అదుపు చేస్తున్నామని అక్కడ చూపించుకోవాలి. ఈ సందర్భాన్ని పక్కన పెట్టి, ఆ చట్టం కేవలం ప్రజారోగ్య దృష్టితో వచ్చిందనుకుంటే దాని తొందర అర్థం కాదు.

కలకత్తాలో వైస్రాయి శాసనసభలో జాన్ వుడ్‌బర్న్ జనవరి 28న బిల్లు ప్రవేశపెట్టాడు. ఫిబ్రవరి 4న అది చట్టమైంది. పట్టినది ఒక్క వారం. అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. మొదటిది చట్టం పేరు. రెండోది అధికారం: ప్రమాదకరమైన అంటువ్యాధి వచ్చినప్పుడు ప్రభుత్వం తనకు అవసరమనిపించిన ఏ చర్యనైనా తీసుకోవచ్చు, ఏ నిబంధననైనా ప్రకటించవచ్చు. ప్రమాదకరమైన అంటువ్యాధి అంటే ఏమిటో చట్టంలో ఎక్కడా నిర్వచించలేదు. మూడోది శిక్ష: నిబంధన మీరినవాడు ఇండియన్ పీనల్ కోడ్ 188వ సెక్షన్ కింద నేరస్థుడు. నాలుగోది రక్షణ: ఈ చట్టం కింద చేసిన పనికి గాని, సదుద్దేశంతో చేయబోయిన పనికి గాని ఎవరి మీదా దావా చెల్లదు, మరే చట్టపరమైన చర్యా చెల్లదు.

ఈ నాలుగిట్లో రెండు సెక్షన్లు కోర్టుకు సంబంధించినవేనని పాఠకులు గమనించాలి. మూడో సెక్షన్ ప్రజను కోర్టుకు ఈడ్చే సెక్షన్. నాలుగో సెక్షన్ ప్రజ అధికారిని కోర్టుకు ఈడ్వకుండా అడ్డుపడే సెక్షన్. ఇంతకన్న నిజాయితీగా రాసుకున్న వలస చట్టం నాకు కనపడలేదు. రెండో సెక్షన్‌లో నష్టపరిహారం మాట కూడా ఉంది. అయితే దాని పక్కనే 'ఏదైనా ఉంటే' అనే అర్థమిచ్చే మాట కూడా ఉంది. ఇల్లు కూల్చినా, పరుపులూ బట్టలూ కాల్చినా పరిహారం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఖర్చు ఎవరు భరించాలో తేల్చేదీ ప్రభుత్వమే. ప్లేగు సూక్ష్మజీవిని యెర్సిన్ 1894లోనే హాంకాంగ్‌లో కనిపెట్టాడు. అది ఎలుకల మీది గోమార ద్వారా మనిషికి ఎక్కుతుందని మాత్రం అప్పటికి రుజువు కాలేదు. తెలియనిదానికి బదులు అధికారం వచ్చి కూచుంది.

ఈ చట్టం అసలు రూపం పూనాలో కనిపించింది. ఐ.సి.ఎస్. అధికారి వాల్టర్ చార్లెస్ ర్యాండ్ అధ్యక్షతన ప్లేగు కమిటీ ఏర్పడింది. 1897 మార్చి నుంచి మే దాకా ఇల్లిల్లూ సోదా చేయించింది. సోదా చేసినవాళ్ళు డాక్టర్లు కారు, తెల్ల సైనికులు. తలుపులు బద్దలు కొట్టడం, వంటిళ్ళలోకీ దేవుడి గదుల్లోకీ జొరబడటం, ఆడవాళ్ళను వీధిలోకి పిలిచి చంకలు తడిమి చూడటం - ఇవన్నీ ఆనాటి పత్రికల నిండా ఉన్నాయి.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. పూనాలో ప్లేగు చర్యలను ఎదిరించినవారందరూ ప్రజల పక్షమేనని రాసే ధోరణి మన చరిత్ర రచనలో ఉంది. అది సగం నిజం. మైల పడుతుందన్న బాధ, కులాలన్నిటినీ ఒకే ఆసుపత్రిలో పెడతారన్న కోపం కూడా ఆ ఆగ్రహంలో కలిసే ఉన్నాయి. ఆ మార్చి నెలలోనే, ఆ పూనా శివార్లలోనే, సావిత్రీబాయి ఫూలే ప్లేగు సోకిన పిల్లవాణ్ణి మోసుకొని కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకు చేర్చింది. ఆ వ్యాధే సోకి మార్చి 10న చనిపోయింది. రోగిని తాకడానికి ఆమె వెనుకాడలేదు. సైనికుడి చేతిని సహించకపోవడం, రోగిని తాకకపోవడం ఒకటి కావు. ఈ తేడా తెలిసినవాడే ర్యాండ్ మీద విమర్శ సరిగా చేయగలడు.

మరి ఆ సైనికుడి చేతికి బాధ్యుడెవడు? ఫిర్యాదు ఎక్కడ చేయాలి? సోదా జరిపించిన కమిటీకే చేయాలి. దావా వేద్దామంటే నాలుగో సెక్షన్ 'సదుద్దేశం' అంటుంది. ఆ సదుద్దేశం లేదని రుజువు చేయవలసిన భారం, ఇల్లు ఛిద్రమై సెగ్రిగేషన్ క్యాంపులో పడివున్న మనిషి మీద పడుతుంది. పండిత రమాబాయి 1897 మేలో 'బొంబాయి గార్డియన్' పత్రికకు ఉత్తరం రాసి, ప్లేగు ఆసుపత్రిలో, క్యాంపుల్లో ఆడవాళ్ళకు రక్షణ లేదని చెప్పింది. ఆమె చదువుకున్నది, క్రైస్తవురాలు, ఇంగ్లండులో పేరున్న మనిషి. ఆమెకున్నది కూడా పత్రికకు ఉత్తరం రాసే దారి మాత్రమే. పేరులేని ఆడదానికి అది కూడా లేదు.

గోఖలే ఉదంతం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. వెల్బీ కమిషన్ ముందు సాక్ష్యమివ్వడానికి ఆయన ఆ వేసవిలో ఇంగ్లండులో ఉన్నాడు. పూనా నుంచి మిత్రులు రాసిన ఉత్తరాలను ఆధారం చేసుకొని, సైనికులు ఇద్దరు స్త్రీలపై అత్యాచారం చేశారనీ, వారిలో ఒకామె ఆత్మహత్య చేసుకుందనీ 'మాంచెస్టర్ గార్డియన్' పత్రికకు చెప్పాడు. ప్రభుత్వం రుజువులు చూపమంది. జూలై చివర ఆయన బొంబాయి రేవులో దిగేటప్పటికి పరిస్థితి ఏమిటి? జూన్ 22 రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవ విందు నుంచి తిరిగివస్తున్న ర్యాండ్‌నూ, ఎయర్స్ట్ అనే సైనికాధికారినీ చాపేకర్ సోదరులు కాల్చారు. ఎయర్స్ట్ అక్కడికక్కడే పోయాడు, ర్యాండ్ జూలై 3న పోయాడు. జూలై 27న తిలక్ అరెస్టయ్యాడు. మర్నాడు నాటూ సోదరులను పట్టుకుపోయారు. ఈ వాతావరణంలో, ఉత్తరాలు రాసిన మిత్రులు తమ పేర్లు బయటపెట్టడానికి ఒప్పుకోలేదు. గోఖలే ఆగస్టులో బేషరతుగా క్షమాపణ చెప్పాడు.

ఆ క్షమాపణను పిరికితనమని ఆనాడే చాలామంది ఈసడించారు. నాకు మాత్రం అందులో గోఖలే స్వభావం కన్న ముఖ్యమైన విషయం మరొకటి కనిపిస్తుంది. నేరం జరిగిందా లేదా అన్నది తేల్చవలసినచోట తేలలేదు. అది ఏ కోర్టుకూ ఎక్కలేదు. సాక్షి నోరు తెరిస్తే ఏమవుతుందో ఆ వారంలోనే నాటూలకు జరిగినదాన్ని బట్టి అందరికీ తెలిసింది. సాక్ష్యం లేదు గనుక నేరం లేదన్నారు. భయం చేత సాక్ష్యం లేకపోవడమన్నది విచారణకు రావలసిన విషయమని ఎవరికీ తోచలేదు. చివరికి దోషిగా నిలబడ్డవాడు మాట బయటపెట్టినవాడు.

నాటూల సంగతి చూడండి. వాళ్ళు పూనా సర్దార్లు, ఆస్తిపరులు, భావాల్లో ఛాందసులు. అభ్యుదయవాదులు నెత్తిన పెట్టుకోవలసిన మనుషులు కారు. అయితే వాళ్ళను పట్టుకున్నది 1827 నాటి బొంబాయి 25వ రెగ్యులేషన్ కింద. నేరారోపణ లేదు, విచారణ లేదు, గడువు లేదు. ఆస్తి జప్తు చేశారు. 1899లో వదిలేదాకా వాళ్ళ నేరమేమిటో ఏ జడ్జీ అడగలేదు. అడిగే అధికారం జడ్జీకి లేదు. 1897 డిసెంబరులో అమరావతిలో (బేరారు అమరావతి, మన కృష్ణ ఒడ్డుది కాదు) శంకరన్ నాయర్ అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభలో ఈ నిర్బంధం పెద్ద చర్చ అయింది. ఆస్తిపరుడికే ఈ గతి పడితే, బొంబాయి మిల్లు కూలీని క్యాంపులో పెట్టినప్పుడు ఏ సెక్షన్ కింద పెట్టారని అడిగే దిక్కెవరు?

మూతపడ్డ వాకిలి అది. ఇక తెరిచి ఉన్న వాకిలి చూద్దాం. తిలక్ మీద ఆరోపణ హత్య కాదు, రాజద్రోహం. జూన్ 15 'కేసరి'లో అచ్చయిన శివాజీ ఉత్సవ ప్రసంగాలూ, శివాజీ నోట పలికించిన ఒక పద్యమూ సాక్ష్యాలు. ముందు బెయిలు దొరకలేదు. ఆగస్టు 4న జస్టిస్ బద్రుద్దీన్ త్యాబ్జీ ఇచ్చాడు. ఆ బెయిలు దరఖాస్తును వాదించిన దిన్షా దావర్ పదకొండేళ్ళ తర్వాత జడ్జీ అయి అదే తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష వేయడం చరిత్ర చేసిన వెక్కిరింపు. సెప్టెంబరు 8న జస్టిస్ స్ట్రాచీ ముందు విచారణ మొదలైంది. జ్యూరీలో ఆరుగురు ఐరోపావారు, ముగ్గురు భారతీయులు. మరాఠీ పద్యాన్ని ఇంగ్లీషు అనువాదంలో చదివి, అందులో రాజు మీద ప్రేమ ఉందా లేదా అని తేల్చే సాహిత్య విమర్శకు వీళ్ళు పూనుకున్నారు. రాజద్రోహమంటే ప్రభుత్వం పట్ల అభిమానం లేకపోవడమే అన్నంతదాకా స్ట్రాచీ ఆ సెక్షన్‌ను సాగదీశాడు. సెప్టెంబరు 14న ఆరుగురు దోషి అన్నారు, ముగ్గురు కాదన్నారు. పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. అరెస్టు నుంచి తీర్పుకు పట్టినది ఏడు వారాలు.

ప్లేగు కోర్టును మూసిందని ఎవరంటారు? కావలసినచోట కోర్టు ఎప్పుడూ లేనంత చురుకుగా పనిచేసింది.

1898లో 124-ఎ సెక్షన్‌ను స్ట్రాచీ భాష్యానికి అనుగుణంగా సవరించారు. 153-ఎ, 505 సెక్షన్లకు కూడా ఆ ఏడాదే ఆ రూపం వచ్చింది. ఇవన్నీ ప్లేగు వల్లనే వచ్చాయనడం అతిశయోక్తి. పత్రికల నోరు కట్టాలన్న ఆలోచన అంతకు ముందు నుంచీ ఉంది. చాపేకర్ల కోపం కూడా ప్లేగుతో మొదలైనది కాదు. విక్టోరియా విగ్రహానికి తారు పూసినప్పటికి ర్యాండ్ పూనాకు రానేలేదు. అయితే ఆ ఆలోచనకు అదను దొరికింది ప్లేగు ఏడాదిలోనే. మన పత్రికలూ మన కవులూ ఆ తర్వాత వంద సంవత్సరాలకు పైగా ఎదుర్కొన్న కేసుల్లో ఈ సెక్షన్లు ఎన్నిసార్లు కనిపించాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. 124-ఎ అమలును సుప్రీంకోర్టు 2022 మేలో నిలిపింది. 2024 జూలై 1 నుంచి పీనల్ కోడే పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో రాజద్రోహమన్న పేరు లేదు. 152వ సెక్షన్ ఉంది.

1947 తర్వాత నాలుగు సెక్షన్ల చట్టాన్ని ఎవరూ కదిలించలేదు. అందుకే 2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కోవిడ్ నిబంధనలు జారీ చేసినప్పుడు ఈ చట్టాన్నే చూపించాయి. కేంద్రం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్ని దీనికి జోడించింది. 1897నూ 2020నీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. ఇప్పుడు రాజ్యాంగం ఉంది, ప్రాథమిక హక్కులున్నాయి, హైకోర్టులకు రిట్ అధికారం ఉంది. ఈ ఆయుధాలుండి కూడా ఆ రెండు వాకిళ్ళ తేడా ఎందుకు మిగిలిందన్నదే చూడాలి.

2020 మార్చి 23న సుప్రీంకోర్టు తనంతట తాను రెండు పనులు చేసింది. కేసులు, అప్పీళ్ళు వేసే గడువును మార్చి 15 నుంచి పొడిగించింది. ఆ పొడిగింపు 2022 ఫిబ్రవరి 28 దాకా సాగింది. రెండోది, జైళ్ళలో కిక్కిరిసిన ఖైదీలను తాత్కాలికంగా విడుదల చేయడానికి రాష్ట్రానికొక ఉన్నతాధికార సంఘం వేయమంది. రెండూ మంచి పనులే. గడువు పొడిగింపు వల్ల ఎవరి దావా కొట్టుకుపోలేదు. కాని దావాకున్న గడువు వేరు, జైల్లో ఉన్నవాడికి గడిచే రోజు వేరు. మొదటిదాన్ని ఉత్తర్వుతో ఆపవచ్చు. రెండోది ఆగదు. నిర్ణీత గడువులో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే ముద్దాయికి బెయిలు హక్కు వస్తుంది. సుప్రీంకోర్టు పొడిగింపు పోలీసులకు కూడా వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఒక కేసులో అన్నది. అంటే, లాకౌట్ కాలంలో కక్షిదారుకిచ్చిన సౌకర్యాన్ని లాకప్పు తాళంగా మార్చింది. 2020 జూన్ 19న ఎస్. కాశి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తీర్పును మెచ్చుకుంటూనే ఒకటడుగుతాను: ఈలోపు సుప్రీంకోర్టు దాకా పోయే తాహతు లేని ముద్దాయిల సంగతేమిటి?

జైళ్ళను ఖాళీ చేసే ప్రయత్నం ఎంతదాకా వచ్చిందో జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలే చెబుతాయి. 2019 చివర దేశంలో విచారణ ఖైదీలు సుమారు 3,30,000. 2021 చివరకు సుమారు 4,27,000. మొత్తం ఖైదీల్లో వాళ్ళ వంతు 69 శాతం నుంచి 77 శాతానికి పెరిగింది. అరెస్టులు ఆగలేదు, విచారణలు ఆగాయి. నేను చెబుతున్న రెండు వాకిళ్ళకు ఇంతకన్న మంచి లెక్క దొరకదు.

మిగతావాళ్ళ మాట. మార్చి 31న వలస కూలీల కేసులో, రోడ్ల మీద ఇప్పుడెవరూ నడవడం లేదని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది, కోర్టు నమ్మింది. రెండు వారాల తర్వాత, ములుగు జిల్లా మిరపతోటల్లో పనికి వచ్చిన బస్తరు కూలీలు అడవి దారిన ఇంటికి నడిచారు. వాళ్ళలో పన్నెండేళ్ళ పిల్ల ఇల్లు ఇంకా కొన్ని మైళ్ళుండగా చనిపోయింది. లాక్‌డౌన్ కాలానికి పూర్తి జీతమివ్వాలని హోంశాఖ మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది, మేలో ఎత్తేసింది. యజమానులు దాని మీద కోర్టుకు పోతే, జీతం ఇవ్వనివారి మీద బలవంతపు చర్యలు వద్దనీ, కార్మికులూ యజమానులూ మాట్లాడుకొని తేల్చుకోవాలనీ జూన్ 12న సుప్రీంకోర్టు అన్నది. సొంతూరికి వెళ్ళిపోయిన కూలీ ఎవరితో మాట్లాడుకోవాలి? ఓవర్‌టైము కూలీ ఎగ్గొట్టడానికి గుజరాత్ ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వును అదే కోర్టు అక్టోబరు 1న కొట్టివేసిందన్నది కూడా చెప్పాలి. ఆ కేసు వేసింది కార్మిక సంఘం. సంఘమున్నచోట వాకిలి తెరుచుకుంది.

మన దగ్గర మరో ఉదాహరణ. నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి మత్తు వైద్యుడొకరు 2020 ఏప్రిల్‌లో మాస్కులు చాలడం లేదన్నందుకు సస్పెండయ్యాడు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు చేతులు కట్టి ఆయన్ని లాక్కుపోయిన దృశ్యం లోకమంతా చూసింది. ఒక ఉత్తరాన్ని ఆధారం చేసుకొని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కదిలింది. మే 22న సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది. గోఖలేకు దొరకని రుజువు ఇక్కడ జేబులో ఫోన్లున్న దారిన పోయేవాళ్ళ వల్ల దొరికింది. కెమెరా లేనిచోట, జైలు గోడల లోపల, ఏం జరిగిందో కూడా చూద్దాం. భీమా కోరేగావ్ కేసులో తలోజా జైల్లో ఉన్న వరవరరావుకు 2020 జూలైలో కోవిడ్ సోకింది. అప్పటికి ఆయనకు డెబ్భై తొమ్మిదేళ్ళు. బొంబాయి హైకోర్టు ఆరునెలల బెయిలు ఇచ్చింది 2021 ఫిబ్రవరి 22న. అదే కేసులో స్టాన్ స్వామి వణికే చేతులతో నీళ్ళు తాగడానికి గొట్టమున్న కప్పు కావాలని 2020 నవంబరు 6న ప్రత్యేక కోర్టును అడిగితే, జవాబు చెప్పడానికి దర్యాప్తు సంస్థకు ఇరవై రోజులు గడువిచ్చారు. ఆయన 2021 జూలై 5న చనిపోయాడు. బెయిలు దరఖాస్తు అప్పటికి హైకోర్టులో పెండింగులోనే ఉంది. బొంబాయి హైకోర్టే తిలక్‌కు ఏడు వారాల్లో తీర్పు చెప్పిందని గుర్తుంచుకుంటే చాలు.

వీడియో విచారణ గురించి ఎక్కువ రాయను. ఫోనూ, సిగ్నలూ ఉన్న వకీళ్ళకు అది దారి చూపింది. కోర్టు గేటు దగ్గర చెట్టుకింద అర్జీలు రాసే మనిషికీ, నకళ్ళ కోసం తిరిగే ప్లీడరు గుమాస్తాకూ, మొగుడి బెయిలు కోసం పల్లె నుంచి జామీనుదార్లను వెంటబెట్టుకొని బస్సులో వచ్చే ఆడమనిషికీ ఆ తెరలో చోటు లేదు. పేదవాడికి న్యాయం తీర్పులో కన్న ఈ ఆవరణలోనే ఎక్కువగా దొరుకుతుంది, లేదా పోతుంది.

1897 చట్టాన్ని 2020లో మొదట ఆర్డినెన్సుతో ఏప్రిల్ 22న, తర్వాత సెప్టెంబరులో పార్లమెంటు చట్టంతో సవరించారు. వైద్య సిబ్బంది మీద దాడి చేసినవారికి మూడు నెలల నుంచి ఏడేళ్ళ దాకా శిక్షలు చేర్చారు. ఆ సిబ్బందికి రక్షణ అవసరమే, కాదనను. తీవ్రమైన గాయం కేసుల్లో నిందితుడే దోషి అని ముందుగా అనుకోవాలనీ, కాదని రుజువు చేసుకోవలసింది అతడేననీ అందులో ఒక సెక్షన్ కూడా పెట్టారు. లా కమిషన్ 2024లో తన 286వ నివేదికలో ఈ చట్టాన్ని సమీక్షించి, దీన్ని సవరించాలని గాని కొత్త చట్టం తేవాలని గాని సిఫారసు చేసింది. వుడ్‌బర్న్ రాసుకున్న నాలుగో సెక్షన్‌ను మాత్రం 2020 సవరణ ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు.